57 బెల్ ఎయిర్ (1/25): ఫాయిల్ చిరుగుతోంది, ప్లగ్గు వైర్లు లావుగా కనిపిస్తున్నాయి. మీ అనుభవాలు చెప్పండి

గుండ్లకమ్మ
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. పదేళ్లుగా ప్లాస్టిక్ విమానం బొమ్మలే చేస్తున్నాను, కారు బొమ్మ మాత్రం ఇదే మొదలు. మా బావగారు అమెరికా నుంచి వస్తూ 1957 షెవర్లే బెల్ ఎయిర్ కిట్టు (ముక్కలు అతికించి చేసుకునేది, అసలు కారులో ఇరవై ఐదో వంతు) తెచ్చిపెట్టారు. విమానమైతే ఎంత మసి పూస్తే అంత అందం. ఇది పెళ్లికూతురు లాంటి బండి, ఎక్కడ వేలు పెట్టినా మచ్చ కనిపిస్తోంది.

బాడీకి నీలిపచ్చ, టాపుకి తెలుపు వేశాను. రంగు బాగానే వచ్చింది. చిక్కంతా ఆ తర్వాతే.

ఒకటి, అద్దాల చుట్టూ ఉండే క్రోమ్ పట్టీలకి బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురుండే పల్చటి రేకు) అంటిస్తుంటే మూలల దగ్గర చిరుగుతోంది. ఇప్పటికే సగం షీటు చెత్తబుట్టలోకి పోయింది.

రెండు, ఇంజనుకి ప్లగ్గు వైర్లు (స్పార్కు ప్లగ్గులకి కరెంటు తెచ్చేవి) పెడదామని పాత ఛార్జర్ కోసి ఎర్ర వైరు తీశాను. ఇంజను పైన ఉండే వాల్వ్ కవర్ల మీదుగా వేస్తే పాములు పడుకున్నట్టుంది.

మూడు, కిట్టు బాడీ మీద పెట్రోల్ మూత లేదు. తయారుచేసినవాళ్లు మర్చిపోయారేమో అనుకుని కుడివైపు వెనక ఫెండర్ మీద గుండ్రంగా గీత చెక్కాను. ఇది మాత్రం బాగా వచ్చింది.

ఎర్రతోక
ఫాయిల్ చింపుతున్నది ఫాయిల్ కాదన్నా, నీ బ్లేడు. నేను గూడ మొదట్ల గట్లనే ఒక షీటు మొత్తం ఖరాబ్ చేసిన. కొత్త 11 నంబర్ బ్లేడు పెట్టు. రెండు కిటికీలకు ఒకటి మార్చు, పిసినారితనం చెయ్యకు. బ్లేడు మొండిదైతే ఫాయిల్‌ను కొయ్యదు, గుంజుతది.

నా పద్ధతి ఇది. పట్టీ కంటే వెడల్పు ముక్క కోసి పైన పరుస్త. ముందుగాల ఇయర్ బడ్‌తోని మెల్లగ రుద్దుత. తర్వాత పుల్ల కొస నున్నగ చేసి పట్టీ అంచు పొంట పోనిస్త, ఆ గీత ఫాయిల్ మీద కనపడాలె. అప్పుడు బ్లేడు బరువుతోనే కోత, చెయ్యి బరువు ఉండొద్దు. మూల దగ్గర ఒకటే ముక్కను తిప్పకు. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేటట్టు వేసి రుద్దు, అతుకు కనపడదు.

ఇంకోటి. ఫాయిల్‌కు ముందు వ్యాక్స్ పాలిష్ పెట్టినవా? పెడితే అంటుకోదు. క్లియర్ కోటు, రుద్దుడు, తర్వాత సబ్బునీళ్లతో కడుగుడు, అప్పుడు ఫాయిల్. వ్యాక్స్ ఆఖరుకు.

గుండ్లకమ్మ
పెట్టాను అన్నా. మెరుపు చూసి మురిసిపోయి రెండుసార్లు పెట్టాను.

ఫార్మింగ్టన్ బాబాయ్
మిషిగన్ నుంచి రాస్తున్నా. ఇరవై ఏళ్లుగా డెట్రాయిట్ పక్కనే ఉంటున్నాను. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచీ నడుస్తోంది. ఆ రోజు ఫర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డంతా పాత బళ్లే. అవతల జనం కుర్చీలేసుకుని బళ్లను చూస్తుంటే నేను బానెట్లలో తల దూర్చి ఫోటోలు తీస్తుంటాను. ఓనర్లు కోప్పడరు, పైగా వద్దన్నా వినకుండా అరగంట కథ చెబుతారు.

అసలు విషయానికి వస్తా. గుండ్లకమ్మా, నీ పెట్రోల్ మూత గురించి చెప్పాలంటే నాకే బాధగా ఉంది. కిట్టు వాళ్లు ఏమీ మర్చిపోలేదు. 57 బెల్ ఎయిర్‌లో మూత బయటికి కనపడదు. ఎడమ తోకరెక్క (వెనక ఫెండర్ మీద రెక్కలా లేచిన భాగం) చివర, లైటు పైన, నిలువుగా ఒక క్రోమ్ పట్టీ ఉంటుంది చూడు. అది తలుపులా తెరుచుకుంటుంది, దాని వెనక ఉంటుంది ట్యాంకు నోరు. మొదటిసారి ఒక ముసలాయన తెరిచి చూపిస్తే నేనూ నోరు తెరిచా. నువ్వు చెక్కింది కుడివైపు కూడానూ. పూడ్చెయ్.

వైర్ల సంగతి మనవాళ్లకి ఇంకా నచ్చదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండిలో ప్లగ్గు వైర్లు వాల్వ్ కవర్ల మీదుగా పోవు. షెవర్లే స్మాల్ బ్లాక్ రకం ఇంజనుకి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది) వెనక, ఫైర్‌వాల్ (ఇంజనుకీ సీట్లకీ మధ్య గోడ) పక్కన ఉంటుంది. వైర్లు అక్కడి నుంచి కిందికి దిగి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను పక్కన పొగ బయటికి పోయే గొట్టం) కిందుగా వచ్చి ప్లగ్గుల్లోకి పోతాయి. రంగు నలుపు. పైనుంచి చూస్తే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక గుత్తి కనిపిస్తుంది, అంతే. పైన వేసిన ఎర్ర వైర్లు, పసుపు వైర్లు ఉన్నాయంటే ఎవరో తర్వాత మార్చుకున్న హాట్ రాడ్ అన్నమాట.

ఇంకో రెండు కళ్లకి కనపడే విషయాలు. బెల్ ఎయిర్ అంటే బంగారం. గ్రిల్లు బంగారు రంగు, ముందు ఫెండర్ల మీద మూడు చిన్న గుర్తులు బంగారు రంగు. తక్కువ ధర 150, 210 మోడళ్ల గ్రిల్లు వెండి రంగే. కిట్టులో అన్నీ క్రోమే ఇస్తారు కాబట్టి చాలామంది అలాగే వదిలేస్తారు. బానెట్ మీద షెవర్లే అక్షరాల కింద వి ఆకారం ఉంటే లోపల ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజను ఉన్నట్టు, సిక్స్ సిలిండర్ బండికి అది ఉండదు.

కొత్తగావచ్చా
బంగారు రంగు అంటే గోల్డ్ పెయింట్ వేసేస్తే సరిపోతుందా అండి?

ఎర్రతోక
వెయ్యకు తమ్మీ, గుడి గోపురం లెక్క అయితది. క్రోమ్ మీదనే క్లియర్ ఎల్లో వెయ్యి, అండ్ల ఒక్క చుక్క క్లియర్ ఆరెంజ్ కలుపు. టామియా కంపెనీ రంగులల్ల ఎక్స్-24, ఎక్స్-26. కింద క్రోమ్ మెరుపు అట్లనే ఉంటది, పైన పసుపు తేలుతది. అసలు బండి మీద ఉన్నది గూడ రంగేసిన అల్యూమినియమే గద.

లాలాగూడ ఫిట్టర్
రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. చిన్న బళ్లు ఇప్పుడు చేస్తున్నాను, పెద్దవి చాలా చేశాం.

వైరు లావు విషయంలో లెక్క చూసుకుంటే గొడవ ఉండదు. ఆ కాలపు ప్లగ్గు వైరు 7 మి.మీ. ఇరవై ఐదుతో భాగిస్తే 0.28 మి.మీ. ఛార్జర్ వైరు పై తొడుగుతో కలిపి ఒక మి.మీ. పైనే ఉంటుంది. అంటే అసలు బండిలో అంగుళం లావు గొట్టం పెట్టినట్టు. పాములా కాక మరెలా ఉంటుంది?

మోటర్ వైండింగ్ షాపుకి వెళ్లండి. 32 గేజి ఎనామిల్ రాగి తీగ అడగండి, 0.27 మి.మీ. వస్తుంది. షాపులో నేలమీద పడి ఉండే ముక్కలే మీకు నాలుగు బళ్లకి సరిపోతాయి, డబ్బులు కూడా తీసుకోడు. తీగని నిప్పు మీద కొంచెం వేడిచేస్తే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. ఎనామిల్ మాడుతుంది, మళ్లీ నల్లరంగు ముంచుకోవాలి.

ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు మండే వరుస, 1-8-4-3-6-5-7-2. డ్రైవరు వైపు (అక్కడ డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు) ముందు నుంచి 1, 3, 5, 7. రెండోవైపు 2, 4, 6, 8. డిస్ట్రిబ్యూటర్ క్యాపు మీద పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు ఈ వరుసలోనే రావాలి. మధ్యలో కాయిల్ నుంచి కరెంటు తెచ్చే వైరు. మొత్తం తొమ్మిది.

కొత్తగావచ్చా
అంత చిన్న క్యాపులో తొమ్మిది బెజ్జాలా? కిట్టులో అది మినప్పప్పు గింజంత ఉంది.

లాలాగూడ ఫిట్టర్
నేను 0.3 డ్రిల్లుతో వేశాను. మూడు క్యాపులు, ఆరు డ్రిల్లు బిట్లు పోయాయి. నాలుగోది వచ్చింది. మీరు అలా చేయనక్కర్లేదు. క్యాపు పైభాగం కోసేసి, మధ్యలో ఒకే పెద్ద బెజ్జం వేసి, తొమ్మిది తీగల్ని కట్టగా కట్టి గుచ్చండి. తర్వాత ఒక్కొక్కటి విడదీసి వంచండి. ముక్కు ఆనించి చూస్తే తప్ప తేడా తెలియదు.

సూదీదారం
నేను కార్లు చెయ్యను, బొమ్మరిల్లు మినియేచర్లు చేస్తాను. బతుకుతెరువుకి మగ్గం వర్క్. వైర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను.

జర్దోసి తెలుసుగా, బ్లౌజుల మీద కుట్టే సన్నటి స్ప్రింగు తీగ. దాన్ని ముక్కలుగా కోసి లోపల సన్న తీగ దూరిస్తే అచ్చం అల్లిక గొట్టంలా ఉంటుంది. వెండి రంగుదీ దొరుకుతుంది, నల్లదీ దొరుకుతుంది. కొంచెం లావుది తీసుకుంటే ముందు చక్రాల దగ్గర స్ప్రింగులకి కూడా పనికొస్తుంది. పది గ్రాములు కొంటే మీ జీవితానికి సరిపోతుంది. ఎక్కువ లాగకండి, ఒకసారి సాగితే మళ్లీ దగ్గరకి రాదు.

కార్పెట్‌కి కూడా ఒక మాట. వెల్వెట్ గుడ్డ అంటించకండి, ఈ సైజుకి గడ్డిమేటులా కనిపిస్తుంది. రాఖీలు, గ్రీటింగ్ కార్డులకి వాడే నూగు పొడి ఉంటుంది. నేలకి అదే రంగు పెయింటు వేసి, తడిగా ఉండగానే టీ వడపోసే జల్లెడతో చల్లండి. ఆరాక బోర్లించి తట్టండి.

ఫార్మింగ్టన్ బాబాయ్
అమ్మా, జర్దోసి ఐడియా బ్రహ్మాండం. ఇక్కడ హాబీ షాపులో అల్లిక గొట్టమని చెప్పి అడుగు ముక్క ఎంతకి అమ్ముతారో చెబితే మీరు మగ్గం మానేసి ఎగుమతి మొదలుపెడతారు. కాకపోతే ఒక్క మాట. 57 బండికి స్టీలు అల్లిక గొట్టాలు లేవు. మామూలు నల్ల రబ్బరు గొట్టాలే. రేసు బండికి వాడుకోవచ్చు.

సూదీదారం
అయితే స్ప్రింగులకి వాడుకోండి బాబాయ్ గారూ, వదలకండి.

రెండో కోటు
విజయవాడ ఆటోనగర్‌లో మాది పెయింటింగ్ షెడ్డు. పగలు అసలు కార్లకి వేస్తాం, రాత్రి వీటికి. అసలు కారే తేలిక.

నాకు జరిగినది చెబుతా. శ్రావణమాసం, బయట ముసురు, నాకేమో తొందర. నల్ల లాకర్ రంగు వేశా. పది నిమిషాల్లో పొగమంచు పట్టినట్టు తెల్లగా పాలిపోయింది. థిన్నర్ గబగబా ఎగిరిపోతూ బాడీని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ దిగి రంగులో చిక్కుకుంటుంది. షెడ్డులో రోజూ కుర్రాళ్లకి చెప్పే పాఠమే, నా బొమ్మకి నేనే మర్చిపోయా. గట్టి ఎండొచ్చిన రోజు నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ ఒక పల్చటి పొర కొడితే మళ్లీ నల్లబడింది. అందరికీ ఆ అదృష్టం ఉండకపోవచ్చు. కోస్తావాళ్లు వర్షాకాలంలో బాడీ రంగు పెట్టుకోకండి. ఇంజను, సీట్లు, చాసిస్ ఆ నెలల్లో చేసుకోండి.

ఎర్ర ప్లాస్టిక్‌లో పోసిన కిట్టు అయితే తెల్లరంగు మీదికి ఎర్రదనం ఊరుతుంది. రెండు రోజుల తర్వాత గులాబీ అవుతుంది. ముందు ఒక పొర సిల్వర్ వేసి అడ్డుకట్ట కట్టాలి.

కార్లకి వాడే రంగు ఇక్కడ కావలసిన షేడు కలిపించుకోవచ్చు, స్ప్రే డబ్బాలు విమానంలో తెచ్చుకోలేం కాబట్టి చాలామందికి అదే దారి. కానీ ప్రైమర్ లేకుండా నేరుగా వేస్తే ఆ థిన్నర్ ఘాటుకి ప్లాస్టిక్ కరిగి ముడతలు పడుతుంది. ఇక టూకే క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే క్లియర్ కోటు) మెరుపు చూసి ఇంట్లో కొడదామనుకునేవాళ్లు ఆగండి. హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. గుడ్డ కట్టుకుంటే, కోవిడ్ మాస్కు పెట్టుకుంటే ఆగదు. సరైన రెస్పిరేటర్, బయటికి గాలి పోయే చోటు లేకపోతే దాని జోలికి పోకండి.

కొత్తగావచ్చా
నా కిట్టు బంపర్ మీద క్రోమ్ పెచ్చులూడింది. తీసేసి మళ్లీ వేసుకోవడం ఎలా?

ఎర్రతోక
బట్టలకు వాడే బ్లీచ్‌ల నానబెట్టు, గంటల్నే పోతది. కింద పసుపు వార్నిష్ పొర ఉంటది, దాన్ని గూడ తీయాలె. తర్వాత మెరిసే నల్లరంగు, బాగ ఆరినంక ఆల్‌క్లాడ్ కంపెనీ క్రోమ్ రంగు. చిన్నయి అయితే మోలోటో క్రోమ్ పెన్ను చాలు, మూడు రోజులు ముట్టకు.

రెండో కోటు
బ్లీచ్ ఒక్కటే వాడు తమ్ముడూ. తొందరగా పోతుందని బాత్రూమ్ కడిగే యాసిడ్ అందులో కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. నవ్వకండి, మా కుర్రాడొకడు ఇలాగే కలపబోయాడు.

లాలాగూడ ఫిట్టర్
క్రోమ్ భాగాల గురించి ఇంకొకటి. అతికే చోట క్రోమ్ గీకేయాలి. ప్లాస్టిక్ సిమెంటు ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది, క్రోమ్‌ని కాదు. బంపర్ ఇవాళ నిలబడినట్టే ఉంటుంది, నెల తర్వాత ఊడి బీరువా కిందికి పోతుంది.

ఎర్రతోక
నాదొక చిన్న పంచాయితీ. ప్లగ్గు వైర్లు మానిఫోల్డ్ కింద పోతయని బాబాయ్ చెప్పిండు. కరెక్టే, కాదనను. కనపడని వైరుకు ఇంత కష్టం ఎందుకు? టేబుల్ మీద పెడితే చూసేటోడు బానెట్ లేపంగనే రంగు రంగుల వైర్లు కనపడితేనే అబ్బా అంటడు. నేనైతే పైన్నుంచే వేస్త.

ఫార్మింగ్టన్ బాబాయ్
హాట్ రాడ్ చేస్తుంటే వెయ్యి, ఎవరూ అడగరు. ఫ్యాక్టరీ బండి అని చెప్పి పైన వేస్తే మాత్రం ఒప్పుకోను. ఇంజనుకి ఆరెంజ్ వేస్తున్నావు కదా, ఎందుకు వేస్తున్నావు? 283 ఇంజను (ఆ నంబరు క్యూబిక్ అంగుళాల్లో సైజు) రంగు అది కాబట్టి. అదే సంవత్సరం చేత్తో గేరు మార్చే బండికి వచ్చిన 265 ఇంజనుకి పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ రంగు. అదీ అందంగానే ఉంటుంది, అలాగని 283కి వేస్తామా? రంగులో నిజం కావాలి, వైర్లో వద్దంటే ఎలా?

ఒకటి ఒప్పుకుంటా. అసలు బండిలో కనపడనిది బొమ్మలోనూ కనపడకపోతే అది తప్పు కాదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర గుత్తి పెట్టి, మానిఫోల్డ్ కింద నుంచి చివరలు పైకి వచ్చినట్టు చూపించి, మధ్యలో వదిలెయ్. నేనే రెండు బళ్లకి అలా వదిలేశా.

లాలాగూడ ఫిట్టర్
నేను పూర్తిగా వేస్తాను. కనపడకపోయినా అక్కడ ఉందని నాకు తెలుసు.

ఎర్రతోక
రిటైరయినోళ్లకు టైముంటది సార్.

లాలాగూడ ఫిట్టర్
ఉంటుంది నాయనా. మీకూ వస్తుంది ఆ రోజు.

గుండ్లకమ్మ
నెల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, సగం రోజులు పూడ్చడానికే పోయాయి.

పెట్రోల్ మూత గీతని సూపర్ గ్లూతో నింపి, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో రుద్ది ఆ వైపు ఫెండరంతా మళ్లీ రంగేశాను. కొత్త రంగుకీ పాత రంగుకీ ఒక వెంట్రుకవాసి తేడా ఉంది. ట్యూబులైటు కింద కనపడదు. ఎండలో పెట్టను.

ఫాయిల్ ఈసారి చిరగలేదు. ఎర్రతోక అన్న చెప్పినట్టు వ్యాక్స్ కడిగేసి, బ్లేడ్లు మార్చాను. రెక్క మీది గీతల అల్యూమినియం పలకకి మాత్రం మెరిసే ఫాయిల్ కాకుండా మ్యాట్ రకం వేశాను. అన్నీ ఒకేలా మెరిస్తే స్టీలు గిన్నెలా కనిపిస్తోంది. రెండు రకాలు పక్కపక్కన ఉంటే ఏది క్రోమో ఏది అల్యూమినియమో తెలుస్తోంది.

బానెట్ మీది అక్షరాల కోసం ఎక్కడో చదివిన చిట్కా వాడాను. రంగు వేయకముందే అక్షరాల మీద చిన్న ఫాయిల్ ముక్క అంటించి బాగా రుద్ది, దాని మీదే బాడీ రంగు వేసేయాలి. పూర్తిగా గట్టిపడకముందే చదునైన రబ్బరు ముక్కకి గుడ్డ చుట్టి, థిన్నర్ తడి చేసి పైపైన రెండుసార్లు తుడిస్తే ఎత్తుగా ఉన్న అక్షరాల మీది రంగు మాత్రమే పోయి వెండి బయటపడుతుంది. కుంచెతో ఎంత వణక్కుండా రాసినా అంత సన్నగా రాదు. దీనికోసం బానెట్‌కి మళ్లీ రంగు వేయాల్సి వచ్చిందనుకోండి.

కొత్త తప్పు కూడా చేశాను. ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించాను. పొద్దున లేచి చూస్తే అద్దం మీద తెల్లటి పొగ. ఇంకా గీకుతున్నాను.

రెండో కోటు
అద్దానికి తెల్ల జిగురు వాడాల్సింది. చెక్క పనికి వాడేదే. ఆరాక పారదర్శకంగా అవుతుంది, పొగ రాదు, ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఇప్పుడు ఆ పొగని ప్లాస్టిక్ పాలిష్‌తో మెల్లగా రుద్దు, చాలావరకు పోతుంది.

కొత్తగావచ్చా
టైర్ల మీద తెల్లపట్టీ ఎలా వేశారు అండి?

గుండ్లకమ్మ
కిట్టులో ముద్రించే ఇచ్చారు, కొంచెం వెడల్పు తక్కువ అనిపించింది. రెండు మి.మీ. పైన ఉండాలి కదా. చక్రాన్ని చిన్న డ్రిల్లుకి బిగించి నెమ్మదిగా తిప్పుతూ కుంచె ఆనించాను. మూడు బాగా వచ్చాయి. నాలుగోది గోడవైపు పెట్టాను.

ఫార్మింగ్టన్ బాబాయ్
కిట్టు టైర్ల గురించి ఇంకో జాగ్రత్త. మెత్తటి వినైల్ టైర్లు ఏళ్ల తరబడి ప్లాస్టిక్‌ని ఆనుకుని ఉంటే దాన్ని తినేస్తాయి. పెట్టెలో బాడీ పక్కన పడెయ్యకండి, విడిగా కవర్లో వెయ్యండి. 1960ల నాటి కిట్టు ఒకటి పాత సామాన్ల సంతలో ఆశగా కొన్నా. మూత తీస్తే టాపు మీద టైరు ముద్ర, ఎవరో ఎక్కించినట్టు.

గుండ్లకమ్మ
ఇదిగో ఇంజను ఫోటో. 32 గేజి తీగ, మానిఫోల్డ్ కిందుగానే వేశాను. ఫిట్టర్ గారి కోసం కింది నుంచి కూడా ఒకటి తీశాను, అద్దం పెట్టి.

సూదీదారం
చాలా బాగుంది అండి. ఆ నల్లతీగ ముడి మా దారం ముడిలాగే ఉంది.

లాలాగూడ ఫిట్టర్
చూశాను. వరుస సరిగ్గా ఉంది, సంతోషం. ఒక్కటే. 5, 7 వైర్లు ఒకదానికొకటి ఆనించి అతికించేశారు. ఆ రెండు సిలిండర్లూ పక్కపక్కన ఉంటాయి, ఫైరింగులోనూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అసలు బండిలో అలా కలిపి కడితే ఒకదాని స్పార్కు రెండోదానికి దూకుతుంది, ఇంజను దగ్గుతుంది. కొంచెం విడదీయండి.

గుండ్లకమ్మ
సార్, ఇది స్టార్ట్ అవ్వదు.

లాలాగూడ ఫిట్టర్
విడదీయండి.